కుంటికి కుక్కకి

"నిజం చెప్పు. ఎవరు నేర్పారు నీకివన్నీ?" హెల్కా టీచర్ కళ్లజోడు పైనుంచి గుచ్చిగుచ్చి చూసింది.

"నేనే నేర్చుకున్నాను టీచర్," అంది మారివిక్ తల వంచుకుని. ఫిలిప్పీన్స్ నుంచి ఫిన్లండ్‌లోని సావొన్‌లిన్నా ఊరికి వచ్చి వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. ఈ నోటి పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం నిలుస్తుంది.

ఫిన్నిష్‌తో వచ్చిన చిక్కే అది. 'నీలం పడవలో' అంటే ఒప్పుకోదు, 'నీలంలో పడవలో' అనాలి. నామవాచకానికి ఏ విభక్తి తోక తగిలిస్తే దాని ముందున్న విశేషణానికీ అదే తోక. మొన్నటిదాకా ఆ తోకలు రాక కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్ల ఇవాళ గడగడా చెప్పేస్తుంటే అనుమానం రాదూ మరి!

"బట్టీపట్టి వచ్చావు. ఏదీ, ఇంకోటి చెప్పు."

"ఆవిరి స్నానాల గది వంకరనుంచి తలుపునుంచి చలిగాలి వస్తోంది."

హెల్కా ఉలిక్కిపడింది. సరస్సు పక్కన తమ వేసవి ఇంట్లో ఆ తలుపు వంకరే. ఇందాక ఈ పిల్ల చెప్పిన పడవలాగే అక్కడి పడవా నీలమే.

"ఇంకోటి!"

"కుంటికి కుక్కకి రొట్టె పెట్టాను."

తన చిన్ననాటి కుక్కా కుంటిదే! హెల్కాకి ఒళ్లు మండిపోయింది.

"మా ఇంట్లో దూరావా? తాళంచెవి మెట్టు కింద ఉంటుందని కనిపెట్టి, పాత ఫొటోలన్నీ తిరగేశావా? పోలీసుల్ని పిలవనా?"

"అయ్యో! మీ పాత ఇంట్లోకి నేనెందుకు వెళ్తాను టీచర్?"

"పాతలోకి ఇంట్లోకి!" కోపంలోనూ దిద్దింది హెల్కా. "మరి ఎవరు చెప్పారు?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

పోలీసుల మాట గుర్తొచ్చి మారివిక్ చెప్పేసింది. "మీ అమ్మగారికి. మా ఆశ్రమంలోనే ఉన్నారుగా. మీరొచ్చే ఆదివారాలు నాకు సెలవు."

"అబద్ధానికైనా హద్దుండాలి! పక్షవాతం వచ్చినప్పటినుంచి అమ్మకి మాటే లేదు. నేనెంత బతిమాలినా పెదవి కదపదు."

"మాట వేసవిలోనే వచ్చింది టీచర్. తోకలే తప్పుతున్నాయి. రోజూ కాఫీ తాగుతూ ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం," మారివిక్ గొంతు తగ్గించింది. "ఒక్క తప్పు కూడా లేకుండా మాట్లాడటం వచ్చాకే మీ ముందు నోరు విప్పుతారట. మీరు దిద్దుతారని భయం."