చైనా గురువుగారి దినుసు

షట్టర్ కింద మళ్లీ ఆకు పొట్లం కనపడింది.

కన్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఓలమ్మో, మళ్లీ ఎట్టీసినార్రా దేవుడా!"

మొదటిసారి పుల్లతో విప్పి చూసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు, వాటి మధ్య గుప్పెడు చచ్చిన ఎర్ర చీమలు. చేతబడి కాక మరేమిటి? మొన్నటిదాకా తానున్న కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఏ తెలుగు ఆడదాన్ని అడిగినా అదే చెబుతుంది.

భర్త పోయిన దగ్గర్నుంచి సంత జరిగిన ప్రతిసారీ పొట్లం వస్తూనే ఉంది. ఆమె చీపురుతో దాన్ని మురిక్కాలవలోకి నెట్టి, థూ థూ అని ఉమ్మి, కాళ్లు కడుక్కుంటూనే ఉంది.

బస్తర్ అడవుల్లో దోర్నపాల్ రోడ్డు మీద ఆ ఫాస్ట్‌ఫుడ్ దుకాణం భర్త శ్యామ్‌ప్రసాద్ పెట్టింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'చైనా సూప్' అని ఉంటుంది. ఆ పులుపు కోసం లారీలు బారులు తీరేవి. ఆయన గుండెపోటుతో పోయాక, కన్నమ్మ కిరండూల్ నుంచి వచ్చి గరిటె పట్టుకుంది.

లారీలు ఆగడం మానేశాయి.

సూప్ ఎలా చెయ్యాలో ఆమెకు అంతా తెలుసు, ఒక్క దినుసు తప్ప. బతికుండగా అడిగితే ఆయన నవ్వేవాడు.

"అది మా గురువుగారిచ్చే దినుసే కన్నమ్మా. జొరమొచ్చి సచ్చిపోతంటే ఆ సూప్ తాపించే నన్ను బతికించినారు."

గురువుగారంటే చైనావాడే అయ్యుంటాడనుకుంది. పెళ్లికి ముందు ఆయన విశాఖపట్నంలో ఏదో హోటల్లో పనిచేశాడు మరి. అక్కడికి ఫోన్ చేసింది.

"చైనావోడా? మా హోటల్లో అలాటోడు ఎప్పుడూ లేడమ్మా," అని పెట్టేశారు.

వెనిగర్ పోసింది. నిమ్మకాయ పిండింది. చింతపండు పులుసు కలిపింది. ఆఖరికి ఉసిరికాయలు కూడా దంచి వేసింది. ఏం లాభం? సోమారు అనే లారీ డ్రైవర్ ఒక్కడే పాత అభిమానం కొద్దీ ఆగి, కాస్త తాగి, "ఠీక్ హై భాభీ" అనేవాడు. ఆ 'ఠీక్ హై' వింటే ఆమెకు ఏడుపొచ్చేది.

అన్న ఫోన్ మీద ఫోన్.

"ఇంక మూసీసి వచ్చీవే. మా ఇంట్లోనే పడుందువుగాని."

పడుండడమట! వదిన కింద పడుండడమంటే ఏమిటో కన్నమ్మకు తెలియనిదా?

"ఈ పొట్లాలే నా యాపారాన్ని తినేస్తన్నాయి. అదెవులో ఈపాలి తేల్చీస్తాను," అనుకుంది.

తర్వాతి సంత రోజున పెందలాడే వచ్చి, ముందరి పొయ్యి మీద సూప్ పెట్టి, షట్టర్ సగం దించి కాపు కాసింది.

తెల్లారాక ఒక ముసలామె వచ్చి గంప దించుకుని వంగింది. చేతిలో ఆకు పొట్లం.

కన్నమ్మ షట్టర్ పైకి లాగి ఆమె భుజం పట్టుకుంది.

"దొరికినావా! ఎవులే నువ్వు? నీకు నాను సేసిన అన్నేయమేటి?"

ముసలామె బెదిరిపోయింది. పొట్లం ముందుకు చాపింది.

"నేను భీమేను. మాది భేజ్జి ఊరు. శ్యాం లేడని ఎరుకే బిడ్డా. గాని దుకాణం ఉన్నది గదా..."

"మా ఆయన పేరు నీ నోట ఎలాగొచ్చినాది? ఆయన్నీ నువ్వే సంపీసినావేటి?"

ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది. పొట్లం ఎగిరి సూప్ గిన్నె అంచుకు తగిలి విడిపోయింది. సగం సూప్‌లో పడింది.

కన్నమ్మకు ఒళ్లు తెలియలేదు.

"టోన్హీ! ఇది టోన్హీ!"

మంత్రగత్తె అనే ఆ మాట బస్తర్‌లో ఊరికే అనకూడదు. ఆ మాట పడ్డ ఆడదానికి నిలవనీడ ఉండదు. సంతకు పోతున్న జనం గక్కున ఆగి వెనక్కి జరిగారు. భీమే ముఖం నల్లబడిపోయింది. గంప అక్కడే వదిలేసి బస్టాండు వైపు పరుగెత్తింది.

అప్పుడే లారీ దిగిన సోమారు ముక్కు ఎగబీల్చాడు. గరిటెతో సూప్ తీసుకుని ఊదుకుంటూ తాగేశాడు.

"ఒరే, తాగకు! సచ్చిపోతావు!"

"చావుడేంది భాభీ! గిదే! భయ్యా సూప్ గిదే!"

కన్నమ్మ గరిటె అందుకుని నాలుకకు తగిలించింది. జివ్వున పులుపు. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు ఆయన చొక్కాలకు ఉండే ఘాటు అదే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సీమలా! ఇన్నాళ్లూ నాను ఎతికింది ఈ సీమల కోసమా!"

ముసలామె వదిలేసిన గంప నిండా అలాంటి పొట్లాలే, సంతలో అమ్మడానికి. పాపం, చీమలమ్ముకునే మనిషిని పట్టుకుని ఎంత మాటన్నాను అనుకుంటూ, గంప నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పరుగు తీసింది.

బస్సు వెళ్లిపోయింది. టికెట్లిచ్చే కమలేష్ ఒక్కడే ఉన్నాడు.

"భీమే దీదీనా? కొంటా ఊరికి పోయే బస్సెక్కి పోయింది. ఏడ్చుకుంటనే పోయింది. ఇగ చచ్చినా ఈ సంతకు రానన్నది."

"నానే ఎల్లి కాళ్లట్టుకుంటాను బాబూ. మా ఆయన ఆ సీమలు ఆమె కాడే కొనీవోడని నాకేటి తెలుసు?"

కమలేష్ ఆమె వైపు వింతగా చూశాడు.

"కొనుడేంది భాభీ? జ్వరమొచ్చి భేజ్జిల పడిపోతే చీమల చారు తాపి భయ్యాను బతికిచ్చిన గురువు ఆమెనే. ఆ చారునే గదా మీరు బోర్డు మీద చైనా సూప్ అని రాసుకున్నది!"