అమ్మ గట్టు

“నీ బూట్లకి అంటిన ఆ బూడిదరంగు మట్టి ఎక్కడిది, బెర్నీస్?”

గీతలు చెక్కిన చెక్కతో పచ్చికుండ మీద ముద్రలు వేస్తున్న బెర్నీస్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అమెరికాలోని చెరొకీ తెగ ఆడవాళ్ల కుండల కేంద్రంలో అప్పటికి వాళ్లిద్దరే ఉన్నారు.

“ఏటి ఒడ్డున నడిస్తే మట్టి అంటదా ఏమిటి?”

“ఏటి ఒడ్డుది ఎర్రమట్టి. ఇది మా అమ్మ గట్టుది,” అంది లూలా.

బెర్నీస్ మళ్లీ ముద్రలు వెయ్యసాగింది.

వాళ్ల ఊరు బిగ్ కోవ్‌లో, కుండలకి మట్టి తవ్వుకునే జాగా ఎవరిది వాళ్లదే. పక్కవాళ్లు అడగరు, వీళ్లు చెప్పరు. ఆ గట్టుని అమ్మ ఇద్దరు కూతుళ్లకే చూపించింది. అక్క నెల్లీ నిరుడు చలికాలంలో పోయింది. అప్పటినుంచి లూలా ఒక్కోరోజు వంట మానేసినా కుండ మానలేదు. ఎవరైనా మట్టి ఇవ్వబోతే ముట్టుకోదు. ఆ గట్టు మట్టి లేనిరోజు ఇక కుండ చెయ్యనని అందరికీ చెప్పింది.

ఈ ఏడు గట్టు తీరు మారింది. వేళ్లూ రాళ్లూ లేకుండా మట్టి గుల్లగా చేతికి వచ్చేస్తోంది, ఎవరో ముందే కెలికినట్టు. మొన్నయితే నాలుగు దోసిళ్లకే అడుగున బండ తగిలింది.

“అంతా ఊడ్చేస్తున్నావు కదూ? జాగా నీకెవరు చెప్పారు?” అని నిలదీసింది లూలా.

“నెల్లీ.”

లూలా బల్ల అంచు పట్టుకుంది. “అబద్ధం.”

“ఆసుపత్రిలో చెప్పింది. చివరి వారంలో.”

“నీది పిట్టల వంశం, మాది తోడేళ్ల వంశం. నీకెందుకు చెబుతుంది?”

“తోడేలువి కాబట్టే కరవొస్తున్నావు. కూర్చోవే, కాస్త కాఫీ తాగు.”

“నీ కాఫీ నాకక్కర్లేదు. ఇంకెప్పుడూ అక్కడ అడుగుపెట్టనని మాటివ్వు.”

“ఇవ్వలేను. వేరే మాట ఇచ్చేశాను.”

“ఎవరికి?”

బెర్నీస్ కుండ మీద తడిగుడ్డ కప్పి వెళ్లిపోయింది.

లూలా బాధ మట్టి పోయినందుకు కాదు. చివరి రోజుల్లో అక్క తనని కాదని పరాయిదాన్ని నమ్మింది. అది లూలాకి మింగుడుపడలేదు.

మూడోరోజు తెల్లవారుతుండగానే వెళ్లి గట్టు పైనున్న పొదల్లో కూర్చుంది. కళ్లారా చూడాలి. కేంద్రంలో పదిమంది ముందు నిలబెట్టి అడగాలి. మంచుకి మోకాళ్లు తడిసిపోయాయి.

కాలిబాటలో అడుగుల చప్పుడు. బెర్నీస్ ఒక్కతే. రెండు చేతుల్లోనూ బకెట్లు. నాలుగడుగులకోసారి ఆగి వగరుస్తోంది. గట్టు దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసి, మట్టి తీసిన గుంట ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

దొరికిపోయింది అనుకుంటూ లూలా లేవబోయింది.

బెర్నీస్ వేళ్లూ రాళ్లూ ఏరి మోసుకొచ్చిన రెండు బకెట్ల మట్టినీ గుంటలో పోసేసింది.