గంపెడు మన్ను

శేషయ్య మోసం చేశాడని దేవదానం చెప్పని మనిషి ఆళ్లగడ్డలో లేడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఆ ఏడాది, పదహారేళ్లు ఎద్దులబండి తోలి కూడబెట్టిన డబ్బంతా పోసి శేషయ్య దగ్గర మడి కొన్నాడు. నాటిన నెలకే పైరు పసుపుబారింది. నంద్యాల వాడైన శేషయ్య మంచి నేలని చెప్పి చౌడు అంటగట్టాడని దేవదానం మంట.

పెద్దమనిషి సైదా సాహెబ్ బియ్యం మిల్లు అరుగు మీద పంచాయితీ కూర్చుంది. తన నేలలో ఉప్పు పలుకు కూడా లేదని శేషయ్య ఒట్టు పెట్టుకున్నాడు. దేవదానం పొద్దున్నే మడి దగ్గర నుంచి తెచ్చిన గంపెడు మన్ను బానలో పోసి, నీళ్లు పోసి కలిపాడు.

"అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టినోడు నాకు పరీక్ష పెడ్తాండాడు," అన్నాడు శేషయ్య, అందరూ నవ్వేలా.

"ఉప్పు కరుగుతాది, మన్ను అడుక్కి పోతాది. దీనికి బడి ఏంటికి?" అన్నాడు దేవదానం.

మన్ను పేరుకునేదాకా అందరినీ కూర్చోబెట్టాడు. పైతేటను పంచె నాలుగు మడతల్లోంచి వడకట్టి, బాణలిలో పోసి పొయ్యి మీద పెట్టాడు. శేషయ్య రెండుసార్లు లేవబోయాడు, దేవదానం రెండుసార్లూ అడ్డం నిలబడ్డాడు. మధ్యాహ్నానికి నీళ్లు ఇగిరిపోయాయి. బాణలి అడుగున తెల్లటి పలుకులు మిగిలాయి.

సైదా సాహెబ్ ఒక పలుకు నాలుక మీద వేసుకుని ఊశాడు. ఉప్పగానే ఉందన్నాడు.

శేషయ్య బాణలిని తానే ఒకసారి వంచి చూశాడు. ఇంకో పైరు వేసి చూడమన్నాడు, ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. సాహెబ్ కూడా అదే మంచిదన్నాడు.

"నీ చౌడు నీ నెత్తిన పెట్టుకో శేషయ్యా. నా దుడ్లు ఈడ పెట్టు," అన్నాడు దేవదానం. "బతికుండంగా ఆ గట్టు తొక్కను."

సాయంత్రంలోగా రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు అయిపోయాయి. కొన్న ధరకు కొన్నట్టే నేల తిరిగి శేషయ్యదైంది. పెద్దింటివాడి మెడ వంచినందుకు దేవదానం వీధి మధ్యలో నడిచి ఇల్లు చేరాడు.

భార్య హన్నమ్మ అప్పుడే మడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పైరుకు బలం చాలకే పసుపైందని, అప్పుచేసి ఎరువు తెచ్చానని చెప్పింది.

"ఉప్పు మాదిరి తెల్లగుంటాదే, ఆ అమ్మోనియా. చల్లేదానికి నిన్ననే మన్నులో కలిపి గట్టు మీద కుప్ప పోసింటి. పొద్దున పోతే సగం లేదు. యాడికి పోయిందో ఏమో."

 తవ్విన మన్నే కదా అని పొద్దున తానే ఎత్తుకుపోయానన్నాడు దేవదానం.

"ఎంత పోగొడితివి?" అంది హన్నమ్మ.

"మూడెకరాల నలభై సెంట్లు."