గట్టి ఉక్కు

"ఇది వద్దు," అంటూ జమాలుద్దీన్ మెత్తటి ఉక్కు కడ్డీని కాలితో పక్కకు నెట్టాడు.

"మరి రైలు ఇరుసు ఉక్కు తీస్కో భాయ్," అన్నాడు పేతురు. "మౌలాలి నుంచి తెచ్చిన. సాఫ్‌గ తెగుతది, ఏండ్లకేండ్లు ఆగుతది."

"అదీ వద్దు. పనిముట్లు చేసే గట్టి ఉక్కు తీయి."

పేతురు తెల్లబోయాడు. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లోని ఆ చిన్న కార్ఖానాలో ఇద్దరూ ఎన్నో ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. పోలీసు యాక్షన్ తర్వాత గిరాకీ పడిపోయింది. రెండో లేత్ జమాలుద్దీన్ కొడుకు లాల్‌ది. వాడికి పని నేర్పింది పేతురే. కోత పనిముట్టును ముందుకు నడిపే లీడ్ స్క్రూ అరిగిపోవడంతో ఆ లేత్ మూలపడింది. పోలీసు యాక్షన్‌కు ముందే లాల్ పని వెతుక్కుంటూ బీదర్ వెళ్ళాడు. యాక్షన్‌తో అక్కడ చెలరేగిన గొడవలు సద్దుమణిగాక తండ్రి వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"తన లేత్ నడిస్తే వస్తనన్నడు," అని భార్య సర్దార్ బీకి చెప్పాడు. అందుకే ఇప్పుడు ఈ కొత్త స్క్రూ.

"దాని మీద తిరిగే నట్టు ఇత్తడిది గదా భాయ్," అన్నాడు పేతురు. " అరిగితే అదే అరుగుతది. స్క్రూకు గింత గట్టి ఉక్కెందుకు? కడ్డీ చుట్టూ మరలు కోసేటప్పటికి మన పానం పోతది."

"పోనీ."

అన్నంత పనీ అయింది. అంగుళం సాగకముందే కోత పనిముట్టు విరిగేది. సానబట్టి మళ్ళీ షురూ చేసేవాళ్ళు. వచ్చే ఒకటీ అరా పనులు కూడా వేరే కార్ఖానాలకు తరలిపోయాయి. సర్దార్ బీ చాయ్ తెచ్చినప్పుడల్లా గడపలో నిలబడి అడిగేది.

"అయిందా?"

"గట్టి ఉక్కు గదా, జెర టైం పడ్తది."

ఆమె తలూపి వెళ్ళి, లాల్ అంగీలు మళ్ళీ ఉతికి ఆరేసేది.

చలికాలం వచ్చేసింది. ఒక మధ్యాహ్నం మరలు కోయడం చివరిదాకా పూర్తయింది. పేతురు నట్టు ఎక్కించి తిప్పాడు. ఎక్కడా పట్టకుండా సాగిపోయింది.

"అయిపోయింది భాయ్! భాబీని పిలుస్త!"

జమాలుద్దీన్ సుత్తి అందుకుని మరల మీద బలంగా ఒక్క దెబ్బ వేశాడు. అంచులు నలిగిపోయాయి.

"పిచ్చి లేసిందా నీకు!" పేతురు అతని చేయి పట్టుకున్నాడు.

చప్పుడుకి సర్దార్ బీ లోపలి నుంచి కేకేసింది. "అయిందా?"

"లేదు, ఖరాబైంది. మళ్ళ షురూ చెయ్యాలె," జమాలుద్దీన్ గొంతు పెంచి చెప్పాడు.

పేతురుకు కోపం ఆగలేదు. "కొడుకు రావొద్దా నీకు?"

జమాలుద్దీన్ సుత్తి కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

"వాన్ని నా చేతుల్తోనే మట్టిల పెట్టొచ్చిన, పేతురూ."