చక్కెర తిన్నదెవరు?

ముత్తమ్మ చేతిలో బెల్లం ముక్క. ఆ చేతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కొత్త కోడలు స్రవంతి. మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డ రవీందర్.

"ఇడువు పిల్లా! మంచి పని మీద పోయేటోనికి నోరు తీపి చెయ్యద్దా?"

"వద్దత్తమ్మా! దవాఖాన్ల ఫోటో తీసేదాక ఏం తినొద్దన్నరు. సూదిల చక్కెరనే ఇస్తరట. అది ఒంట్ల ఏడ ఎక్కువ కర్సయితే ఆడ ఫోటోల మెరుస్తదట. గీ బెల్లం తింటె అంత ఖరాబైతది."

"చక్కెర సూదా? గంత దూరం పోవుడెందుకు, డబ్బా ఇంట్లనే ఉండె," అని గొణుగుతూ ముత్తమ్మ బెల్లం తన నోట్లోనే వేసుకుంది.

రవీందర్ నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు. పెళ్లి బట్టలు అప్పుడే అతనికి వదులయ్యాయి. కళ్లె పరీక్షలో ఏమీ దొరకలేదు. ఎక్స్‌రేలో మాత్రం గుండె పక్కన ఏదో గడ్డ నీడ. దాని పేరు ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు. భయం ఒక పక్క ఉండనే ఉంది. అయినా బైకెక్కి అతని నడుము పట్టుకోగానే స్రవంతికి ఎదురుగాలి కూడా ముద్దొచ్చింది.

నగరంలో డాక్టర్ రఘునందన్ తెర మీద బొమ్మ చూపించాడు. ఛాతీ మధ్యలో దీపావళి ప్రమిదల్లా చుక్కలు.

"ఇక్కడ చక్కెర తెగ ఖర్చవుతోందమ్మా. కేన్సర్ కణాలు ఇలాగే తింటాయి."

స్రవంతి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అవొక్కటేనా సార్, గట్ల తినేవి?"

"మంచి ప్రశ్న. మన ఒంట్లో కాపలా కాసే కణాలున్నాయి. మామూలప్పుడు మితంగానే తింటాయి. పోట్లాటకు దిగితే మాత్రం చక్కెర మీద పడిపోతాయి. తెర మీద రెండూ ఒకేలా మెరుస్తాయి. చిన్న ముక్క తీసి చూస్తే గానీ, తిన్నది దొంగో కాపలావాడో చెప్పలేను."

"మా బారాత్‌ల గూడ గంతే సార్," అన్నాడు రవీందర్. "ఎగిరినోళ్లే లడ్డూలన్ని ఖతం జేసిన్రు."

డాక్టరు పగలబడి నవ్వాడు. స్రవంతి మొగుణ్ని గిల్లింది.

ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ చాయ్‌లో చక్కెర వేసుకోలేదు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు కళ్లద్దాలు తీసి నవ్వాడు.

"దొంగలు కాదమ్మా, కాపలావాళ్లే! కేన్సర్ లేదు. వాళ్లు ఎవరితో పోట్లాడుతున్నారో కూడా తేలింది. ఆరు నెలలు మానకుండా గోళీలు మింగాలి, అంతే."

స్రవంతి ఆ గదిలోనే మొగుణ్ని వాటేసుకుంది. రవీందర్ సిగ్గుపడి గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు. దారిలో మేడ్చల్ దగ్గర బండి ఆపించి, మిఠాయి దుకాణంలో సంచి నిండా లడ్డూలు కట్టించింది.

తమ ఊరు గౌడవెల్లిలో బండి దిగీ దిగకముందే పంపకం మొదలైంది. ఎదురింటి దుర్గాబాయి లడ్డూ అందుకుని, స్రవంతి మొహం ఒకసారి, కడుపు ఒకసారి చూసింది.

"నెల తప్పినవా, పిల్లా?"

"లే చిన్నమ్మా!"

"మరేంది? నీ మొగని నౌకరి పర్మనెంటయిందా?"

"గంతకన్న మస్తు మంచి ముచ్చట!" ఆమె చేతిలో ఇంకో లడ్డూ పెట్టి, వాడ వాడంతా వినబడేలా చెప్పింది స్రవంతి. "మా ఆయనకు ఉత్త టీబీనే అట!"