తాళం తీశాక వచ్చే పాట

అక్టోబరు మూడు. జర్మనీ ఏకీకరణ దినం సెలవు, వాల్డార్ఫ్‌లో కొట్లన్నీ మూత. ఇంట్లో మిగిలిన సొరకాయతో సుభద్ర పులుసు పెట్టి, అప్పడాలు కాల్చింది. తింటుంటే ఆ పాట వేసింది. కొరియా ఆడపిల్లల బృందం పాట.

"పిల్లల పాట కాదండీ" అంది భర్త జనార్దనరావుతో. వదిలి వెళ్తున్నవాడికి ఒకామె గొడుగు అందిస్తుందట. ఏడవదట. తడవకుండా వెళ్లమంటుందట.

తెలుగు సంఘం కార్యక్రమంలో దానికి డాన్స్ చేయాలని రోజూ సాధన. పక్కింటి జర్మన్ ఆవిడ ఫ్రౌ లిండ్‌నర్ గోడ కొట్టేది. ఫిర్యాదు కూడా చేసింది.

క్రిస్మస్‌కు ముందు సుభద్ర గుండె ఆగింది.

అంత్యక్రియలయ్యాక ఫ్రౌ లిండ్‌నర్ మెట్ల మీద ఆపి, ఆ పాట పేరేమిటని అడిగింది. మనిషి పోయినా ఈవిడ కోపం పోలేదనుకున్నాడు జనార్దనరావు. పేరు చెప్పి, తల వంచుకుని లోపలికి వచ్చేశాడు.

కొన్నాళ్లకు, ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే పడకగదిలోంచి పాట వినిపించింది. సన్నగా.

అప్పటి నుంచి రోజూ అంతే. ఆయన ఆలస్యమైతే పాటా ఆలస్యమే. తాళం తీసేదాకా ఆగేది. గదిలోకి వెళ్లి చూడలేదాయన. చూస్తే పోతుందేమోనని భయం. అది వినిపిస్తున్నంతసేపూ అన్నం గొంతు దిగేది.

ఫోన్లో ఈ మాట విని కొడుకు భార్గవ్ ఎర్లాంగెన్ నుంచి పరుగున వచ్చాడు. శుక్రవారం పాట రాలేదు. శనివారమూ రాలేదు.

"అమ్మ ఫోను బీరువాలో ఉంది, చార్జింగే లేదు. ఏ పాట నాన్నా?"

"నువ్వున్నావని రావట్లేదురా."

భార్గవ్ ఆ పూట సరిగ్గా తినలేదు. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నానని చెప్పాడు. సోమవారమే ఈ ఇల్లు ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చేస్తానని, తనతో వచ్చి ఉండాలని అన్నాడు.

జనార్దనరావు పడకగది వైపు చూశాడు.

"మీ అమ్మ నీ ఇంటికి ఎప్పుడూ రాలేదు. దారి తెలీదురా తనకి."

ఆదివారం సాయంత్రం భార్గవ్ బయల్దేరాడు. గడప దాటుతుంటే ఫ్రౌ లిండ్‌నర్ తలుపు తీసి, వెళ్తున్నావా, ఇక ఆయన ఒక్కడేనా అని అడిగింది. అవునన్నాడు. ఇల్లు ఖాళీ అవుతుందని ఆశ కాబోలు అనుకున్నాడు.

సగం మెట్లు దిగాక లాప్‌టాప్ చార్జరు గుర్తొచ్చింది. వెనక్కి ఎక్కాడు.

పాట.

నాన్న తలుపుకు చెవి ఆనించాడు. అక్కడ కాదు. వెనక్కి తిరిగాడు.

ఓరగా తెరిచి ఉన్న పక్కింటి తలుపు సందులోంచి, ఫోనును గోడకు ఆనించి పట్టుకున్న ఫ్రౌ లిండ్‌నర్ అతన్ని చూసి, పెదవుల మీద వేలుంచుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.