మూడు గంటల బేరం

నాలుగో రోజుకు పావని కాళ్లు ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టింది.

ప్రొద్దుటూరులో నాలుగంతస్తుల బట్టల షాపులో ఆమెది కొత్త ఉద్యోగం. పదిహేను రోజులు ట్రయల్. అందులో నిలబడితే, నడుము పట్టేసిన నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీల లోడింగుకు పోవడం మానుకుంటాడు. ఆ ఇంటికి ఇప్పుడు ఆ పదిహేను రోజులే దిక్కు.

అడ్డం వచ్చింది యూనిఫాం. మోకాళ్ల కిందికి దిగే మెరూన్ రంగు గౌను. గాలి చొరని గుడ్డ. మే నెలకు దాన్ని ఎంచినవాడు ఒక్క పూటైనా తొడుక్కుని చూసి ఉండడు.

చుడీదార్లలో తెలియని బాధ గౌనులో తెలిసింది. మెట్లెక్కి దిగేసరికి చెమటకు తొడలు ఒరుసుకుపోయేవి. మొదట మంట, తర్వాత ఎరుపు, నాలుగో రోజుకు తోలు లేచింది. ఎక్కడని చెప్పుకుంటుంది?

"సక్కగా నడువు. కస్టమర్లు చూస్తాండారు," అన్నాడు సూపర్‌వైజర్ బాలసుబ్బయ్య. ఆయనా ఉగాదికి కొత్తగా వచ్చినవాడే. పట్టు చీరల ఫ్లోరంతా ఆయన పెత్తనం.

ఆ ఫ్లోరులో ఒక నియమం ఉంది. కస్టమరు పరుపు మీద కూర్చుంటేనే చీరలు చూపే పిల్ల కూడా కూర్చోవాలి. తక్కిన పొద్దంతా నిలబడాల్సిందే.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, షాపు ఖాళీగా ఉన్న వేళ, ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పేరు ఇందిరమ్మ అంది, జమ్మలమడుగు అంది, కూతురి పెండ్లి అంది. పరుపు మీద చతికిలబడింది.

"నువ్వూ కూర్చో పాపా. నువ్వు నిలబడితే నాకు మెడ నొస్తాది."

పావని కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది.

గంటసేపు చీరలు తీయించింది ఇందిరమ్మ. ఒక్కటీ నచ్చలేదు. లేచేముందు గొంతు తగ్గించి అడిగింది.

"తొడలు ఒరుసుకున్నాయా?"

పావని తల దించుకుంది.

"సిగ్గేంది, తిరిగే ఆడోళ్లందరికీ వచ్చేదే. పౌడరొకటే కొడితే చెమటకు ముద్ద కట్టి ఇంకా గీరుకుంటాది. సబ్బుతో రుద్దొద్దు. చన్నీళ్లు పోసుకుని మెత్తని గుడ్డతో అద్దుకో. పాత నూలు గుడ్డతో మోకాళ్ల దాకా నిక్కరు కుట్టిచ్చుకో, గౌను లోపలికి. వేసుకునే ముందు వ్యాజలైను పలచగా రాసుకో. మధ్యాన్నం ఇంకోటి మార్చుకో."

పావని వాళ్లమ్మ పాత పంచె చింపి నాలుగు నిక్కర్లు కుట్టింది.

ఇందిరమ్మ రోజు విడిచి రోజు వచ్చేది. సరిగ్గా మూడు గంటలకు. పావని కౌంటరులోనో, పక్కన ఆర్షియా కౌంటరులోనో కూర్చునేది, గంట తర్వాత ఉత్త చేతులతో పోయేది. ఆర్షియా ఆ షాపులో పాత మనిషి. ఆమె మాత్రం విసుక్కోకుండా ఎన్ని చీరలైనా పరిచేది. పావనికి అది వింతగా ఉండేది.

వారానికి పుండ్లు మానాయి. పావని అందరిలా నడిచింది, అందరిలా నిలబడింది. ఇక కూర్చోవాల్సిన అవసరం తీరింది. సరిగ్గా అప్పుడే పోతున్న బేరాలు కనిపించాయి.

ముహూర్తాలు దగ్గరపడి మధ్యాహ్నాలు కూడా జనం ఎక్కుతున్నారు. పక్క కౌంటర్లలో బిల్లులు పడుతున్నాయి. తను మాత్రం కొనని మనిషికి చీరలు పరుస్తూ కూర్చుంది. ట్రయల్ ఇంకా రెండు రోజులే.

బాలసుబ్బయ్య దగ్గరికి పోయి చెప్పేసింది.

"సార్, ఆమె కొనదు. ఊరికే టైంపాస్‌కు వస్తాంది. నా బేరాలన్నీ పోతాండాయి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మరుసటి రోజు బాలసుబ్బయ్య పరుపు దగ్గరికే వచ్చాడు. నలుగురి ముందూ అన్నాడు.

"కొనే పనుంటేనే కూర్చోమ్మా. ఇదేమన్నా బస్టాండా?"

ఇందిరమ్మ పావని వైపు ఒకసారి చూసింది. చూపులో కోపం లేదు. అదే పావనికి ఇబ్బందైంది.

ఒళ్లో ఉన్న చీరను తీసుకుంది ఇందిరమ్మ. రెండు చేతులతో ఒక్క విదిలింపు. కొంగు పైకి వచ్చేలా, పాత గీతల మీదే మడత మీద మడత వేసి పరుపు మీద పెట్టింది. విప్పిన పట్టు చీరను అలా మడవడం కస్టమర్లకు రాదు. పావనికి అప్పుడది తట్టలేదు.

"నిక్కరు మాత్రం మానొద్దు పాపా. ఎండలు ఇంకా ఉండాయి."

అంతే అని, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగిపోయింది.

పావని ఉద్యోగం ఖాయమైంది. నాన్న లోడింగు మానేశాడు. ఇంట్లో అందరూ సంతోషించారు, పావని కూడా.

మూడు వారాలు పోయాయి. ఒక మధ్యాహ్నం మూడు గంటలకు షాపు ఖాళీగా ఉంది. పొద్దున నుంచి నిలబడి పావనికి పిక్కలు లాగుతున్నాయి. ఎదురుగా పరుపు ఖాళీగా ఉంది.

"జమ్మలమడుగామె మళ్లీ రాలేదే అక్కా. కూతురి పెండ్లి అయిపోయిందేమో," అంది ఆర్షియాతో.

ఆర్షియా చీరలు సర్దడం ఆపలేదు.

"ఆమెకు కూతురు యాడుంది? ట్రయల్‌లో ఉండేటోళ్లకు మేం చెప్పం, సార్ దగ్గర నోరు జారతారని."

పావని ఆమె వైపు తిరిగింది. "ఏం చెప్పరు?"

"పన్నెండేండ్లు ఇదే ఫ్లోరులో నిలబడింది ఆమె, కాళ్ల నరాలు ఉబ్బి పుండ్లు పడేదాకా; మనల్ని ఒక్క గంట కూర్చోబెట్టడానికే ఆ కాళ్లతో బస్సెక్కి వస్తాండె."